మెట్ల దారిలో పర్వత ప్రకరణం: నాగలూటి నుండి కైలాసద్వారం వరకు

ప్రవేశిక

పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర'లో అయిదు ప్రకరణాలున్నాయి: దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణాలు. వీటిలో చివరిదైన పర్వత ప్రకరణాన్ని మనం తరగతి గదుల్లో ఎక్కువగా రెండు ప్రయోజనాలకే వాడుకొంటున్నాం. ఒకటి, తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, శంకర పదాలు, వెన్నెల పదాలు అంటూ కవి పేర్కొన్న దేశి గేయభేదాల పట్టికను విద్యార్థులకు అప్పగించడం. రెండు, శివరాత్రి నాటి ఆటపాటల వర్ణన ద్వారా 13వ శతాబ్ది నాటి సాంఘిక చరిత్రను చెప్పడం. ప్రకరణానికి ఆధారమైన యాత్ర మాత్రం మన బోధనలో దాదాపుగా కనిపించదు. నా సిద్ధాంత గ్రంథంలో నేనూ ఇదే పని చేశాను. పర్వత ప్రకరణంలోని సుదీర్ఘమైన జాబితాలను "కథాగమనానికి అడ్డుపడే అతివిస్తరణ"గా పేర్కొని, రెండు పేజీల్లో ముగించాను. మౌఖిక పరీక్షలో కూడా ఆ వాక్యాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

ప్రశ్నించింది ఒక ఎం.ఏ. విద్యార్థిని. "ఈ యాత్రికులు ఏ దారిన వచ్చారు సార్?" అని అడిగింది. నాలుగు ద్వారాల పేర్లు చెప్పి తప్పించుకొన్నాను. ఆ తరువాత ఒక ఉగాదికి ముందు, కర్ణాటక నుండి వచ్చే పాదయాత్రికుల వెంట, నాగలూటి మీదుగా శ్రీశైలానికి నడిచాను. ఆ నడకలో చూసిన శిథిలాలను, ఎక్కిన మెట్లను సాహిత్యాధారాలతో కలిపి చదివే ప్రయత్నమే ఈ వ్యాసం. ఈ దారిలోని శిథిలాలు విడివిడి గుళ్ళు, బావులు, మండపాలు కావనీ, అవన్నీ కలిసి ఒకే కట్టడమనీ, ఆ కట్టడం పేరు దారి అనీ నా ప్రతిపాదన. అలా చూచినప్పుడు నేను అతివిస్తరణగా భావించిన భాగం ఆ కావ్యంలో అత్యంత వాస్తవికమైన భాగంగా కనిపిస్తుంది.

పర్వతమంటే కొండ కాదు

ముందుగా పేరు గురించి. 'పర్వత ప్రకరణం' అంటే కొండను వర్ణించే ప్రకరణమని విద్యార్థులు సహజంగానే అనుకొంటారు. కానీ ఇక్కడ పర్వతం జాతివాచకం కాదు, ఊరి పేరు. శ్రీశైలాన్ని సామాన్య జనం 'పర్వతం' అనే వ్యవహరించారు. 1794లో ఇక్కడికి వచ్చిన కాలిన్ మెకంజీ 'ఏషియాటిక్ రిసెర్చెస్' అయిదవ సంపుటిలో అచ్చయిన తన వ్యాసంలో క్షేత్రాన్ని శ్రీశైలం అనలేదు, 'పెర్వట్టం' అన్నాడు. అంటే స్థానికుల నోట విన్న మాటను తన చెవికి అందినట్లు రాసుకొన్నాడు. పర్వతాలు, పర్వతయ్య, పర్వతమ్మ అనే పేర్లు తెలుగునాట ఈనాటికీ వినిపిస్తాయి. సోమనాథుడు పేర్కొన్న గేయాలలో పర్వత పదాలు కూడా ఉన్నాయన్నది ఇక్కడ గమనించదగిన విషయం. అవి కొండల అందాన్ని కీర్తించే పాటలని అర్థం చెప్పుకొనేకంటే, పర్వత యాత్రకు సంబంధించిన పాటలని చెప్పుకోవడం సమంజసంగా తోస్తుంది.

ద్వారం

శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారక్షేత్రాలని సంప్రదాయం. పటం ముందుంచుకొని చూస్తే ఈ మాట వింతగానే ఉంటుంది. తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపురం, పెన్న ఒడ్డున ఉన్న సిద్ధవటం మల్లికార్జునుని గర్భాలయానికి ఎంతో దూరం. ఇంత దూరాన వాకిలి ఉన్న ఇల్లు మరొకటి ఉండదు.

ఈ భావన పాతది. కర్ణాటకలోని తాళగుంద స్తంభశాసనం, కదంబ వంశ మూలపురుషుడైన మయూరశర్మ పల్లవుల సరిహద్దు రక్షకులను ఓడించి, శ్రీపర్వత ద్వారం దాకా వ్యాపించిన దుర్గమమైన అడవిని ఆక్రమించాడని చెబుతుంది. ఇది 5వ శతాబ్ది శాసనం. నాగార్జునకొండ శాసనాలలోనూ శ్రీపర్వతమనే పేరు ఉన్నందువల్ల చర్చకు కొంత తావు ఉన్నప్పటికీ, తాళగుంద శాసనం చెప్పే శ్రీపర్వతం శ్రీశైలమేనని ఎక్కువమంది చరిత్రకారులు భావించారు. మనకు ముఖ్యమైనది ఆ శాసనంలో ద్వారం, అటవి ఒకే వాక్యంలో ఇమిడి ఉండటం. అక్కడ ద్వారమంటే గోపురం కాదు, తలుపు కాదు. అడవిలోకి ప్రవేశించే చోటు. ఆ చోటి నుండి గుడి వరకు ఉన్న ఎక్కుడు దిగుళ్ళన్నీ కలిసి లోపలి ప్రాంగణం. నాగలూటి దారికి చివర, శ్రీశైలానికి కొద్ది దూరంలో ఉన్న ద్వారాన్ని కైలాసద్వారం అంటారు. ఆ పేరులోని 'ద్వారా'నికి అర్థం నాకు పుస్తకంలో దొరకలేదు. భీముని కొలను లోయ నుండి పైకి ఎక్కిన తరువాతే దొరికింది.

నాగలూటి నుండి పెచ్చెరువు

ఆత్మకూరు వైపు నుండి వచ్చే యాత్రికులు వెంకటాపురం దాటి అడవిలో ప్రవేశిస్తారు. అక్కడి నుండి శ్రీశైలానికి నడక దారి 40 కిలోమీటర్ల పైమాటే. ఇది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్య ప్రాంతం. మహాశివరాత్రికీ ఉగాదికీ ముందు రోజుల్లో తప్ప సామాన్యులకు ఈ దారి తెరవరు. కన్నడ యాత్రికులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావిస్తారు కనుక ఉగాదికి ఆమెకు పసుపు కుంకుమలు తీసుకొని వస్తారు. నా ముందూ వెనుకా నడిచినవారిలో ఎక్కువమంది ఆ యాత్రికులే. కొందరి భుజాన కావడి, కొందరి చేతిలో కర్ర, చాలామంది కాళ్ళకు ఏమీ లేవు.

నాగలూటి వద్ద వీరభద్రాలయం ఉంది. ప్రాకారం అక్కడక్కడ కూలింది. మండప స్తంభాలు కొన్ని నిలబడి, కొన్ని ఒరిగి ఉన్నాయి. గుప్తనిధుల కోసం తవ్విన గోతులు కూడా కనిపించాయి. ఇటువంటి శిథిలాలను చూచినప్పుడు, పరిశోధకుని చూపు అలవాటుగా స్తంభ శిల్పాల మీదికి, శాసనం ఎక్కడైనా ఉందా అన్న వెదుకులాట మీదికి పోతుంది. నేనూ అలాగే ఒక అరగంట గడిపాను. యాత్రికులు మాత్రం నేరుగా కోనేటి వైపు వెళ్ళారు. నీళ్ళ జాడ చూసుకొని, వీరభద్రునికి ఒక కొబ్బరికాయ కొట్టి, స్తంభాల నీడన కూర్చున్నారు. వీరశైవంలో వీరభద్రుని ప్రాధాన్యం తెలిసినదే. అయితే ఆయన ఇక్కడే ఎందుకు ఉన్నాడన్న ప్రశ్నకు గుడి వెనుక నుండి మొదలయ్యే మెట్లే సమాధానం చెబుతాయి. మైదానం అయిపోయి నల్లమల గోడలాగా లేచే చోట ఆయన కాపలాగా ఉన్నాడు.

మెట్లు అంటే మనకు తిరుమల దారి మనసులో మెదులుతుంది. ఇవి అలాంటివి కావు. కొండరాతినే పలకలుగా తీసి పేర్చిన మెట్లు. ఒకటి జానెడు ఎత్తుంటే మరొకటి మోకాలి ఎత్తు. మధ్యభాగాలు అరిగి నునుపెక్కాయి. కొన్ని చోట్ల వానలకు రాళ్ళు జారిపోగా మట్టి, వేళ్ళు మిగిలాయి. ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే నా నోటు పుస్తకం సంచిలోకి వెళ్ళిపోయింది.

ఒక మలుపు వద్ద ఆయాసం తీర్చుకొంటూ, పక్కనే కూర్చున్న రాయచూరు ప్రాంతపు వృద్ధురాలిని అడిగాను. "అవ్వా, పెచ్చెరువు ఇంకెంత దూరం ఉంటుంది?"

"ఇంక రెండు నీళ్ళు ఉంది నాయనా" అన్నది ఆమె.

మొదట నాకు అర్థం కాలేదు. తాగడానికి నీళ్ళు దొరికే చోట్లు ఇంకా రెండు ఉన్నాయని ఆమె ఉద్దేశం. ఆమె లెక్కలో కిలోమీటరు లేదు, గంట లేదు, మెట్టు కూడా లేదు. ఇరవై ఏళ్ళకు పైగా వస్తున్నానని చెప్పిన ఆమెకు దారి మొత్తం కొన్ని నీళ్ళు. ఆ మాట విన్నాక నేను చూసే పద్ధతి మారింది. నాగలూటి కోనేరు, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను: ఈ దారిలోని మజిలీల పేర్లను వరుసగా చదివితే, కుంట, చెరువు, బావి, కొలను. పెచ్చెరువన్నది పెద్దచెరువన్న మాటకు కుదించిన రూపం. దారి తన చిరునామాను నీటితోనే రాసుకొంది. శిథిలమైన మండపమో, అరుగో, ప్రతిమ ఉన్న రాయో కనిపించిన చోటల్లా నీటి ఆధారం దగ్గరలో ఉండటం ఆ తరువాత గమనించాను. మఠంబావి అన్న పేరులో మఠమూ బావీ కలిసే ఉన్నాయి. మఠం పోయింది, పేరు మిగిలింది. ఈ కట్టడాలను ఆలయ వాస్తు దృష్టితో చూస్తే చిన్నవి, సామాన్యమైనవి, చెప్పుకోదగినవి కావు. దాహంతో వచ్చేవాని దృష్టితో చూస్తే ఒక్కటి కూడా అనవసరం కాదు.

పెచ్చెరువులో చెంచుగూడెం ఉంది. యాత్రికులలో చాలామంది ఆ రాత్రికి అక్కడే నిద్ర చేస్తారు. చెంచులకు మల్లికార్జునుడు చెంచు మల్లయ్య, తమ పిల్లను చేసుకొన్న అల్లుడు. కన్నడిగులకు అమ్మవారు ఆడపడుచు. ఒకే మంట చుట్టూ కూర్చున్న అల్లునివైపు వారినీ ఆడపడుచువైపు వారినీ చూస్తే, స్థలపురాణాల్లోని బంధుత్వాలు ఈ దారి మీదనే పుట్టాయా అనిపించింది. ఇది ఊహ మాత్రమే. జానపద విజ్ఞాన పరిశోధకులు పరిశీలించవలసిన విషయం.

భీముని కొలను

మఠంబావి తరువాత దారి ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. దిగువన భీముని కొలను. ఎదురుగా ఉన్న చరియ మీదికి కైలాసద్వారం వరకు మళ్ళీ మెట్లు. నడకలో ఇదే కష్టమైన భాగం. ముందు దిగుడులో మోకాళ్ళు, తరువాత ఎక్కుడులో ఊపిరి పరీక్షకు నిలుస్తాయి. చైత్ర మాసానికి ముందు ఎండలో మద్ది చెట్లు కూడా పలచని నీడనే ఇస్తాయి. రాయి కాలుతుంది. నాతో వచ్చిన సహోద్యోగి ఒకరు సగంలో కూర్చుండిపోయి, తనను వదిలి వెళ్ళమన్నారు. ఆయనను ఇద్దరు అపరిచిత యాత్రికులు చెరొక చేయి పట్టి పైకి తెచ్చారు. వారి పేర్లు అడిగే ఓపిక కూడా మాకు లేకపోయింది.

పాటల గురించి నేను చెప్పదలచినది ఇక్కడిదే. నాగలూటి వరకు, ఆపైన చదునుగా ఉన్న అడవి దారిలోనూ, యాత్రికులు పొడుగు పాటలు పాడారు. కన్నడ వచనాలు, భజనలు, కథాగేయాలు వినిపించాయి. భీముని కొలను మెట్ల మీద ఆ పాటలు ఆగిపోయాయి. పాడటానికి గాలి చాలదు. కానీ నిశ్శబ్దం రాలేదు. ముందున్నవాడు ఒక చిన్న చరణం అంటాడు. వెనుకవారు దానికి జవాబుగా మరొకటి అంటారు. ఒకరు అనేటప్పుడు మరొకరు ఊపిరి తీసుకొంటారు. రెండు పాదాలు, మధ్యలో ఒక విరామం. చదును మళ్ళీ వచ్చాక పాట మళ్ళీ పొడుగైంది.

ద్విపద ఛందస్సు ఈ మెట్ల మీద పుట్టిందని నేను అనడం లేదు. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం గల పాదానికి చరిత్ర వేరే ఉంది. రెండు రోజుల నడకను ఆధారం చేసుకొని ఛందోమూలాలు తేల్చబూనడం సాహసమే కాదు, అపహాస్యం కూడా. నేను చెప్పేది అంతకంటె చిన్న విషయం. సోమనాథుడు పర్వత ప్రకరణంలో అన్ని రకాల పదాలను ఎందుకు ఏకరువు పెట్టాడన్న ప్రశ్నకు, "కవికి జాబితాలంటే ఇష్టం" అన్నది చాలని సమాధానం. వేర్వేరు ప్రాంతాల నుండి, వేర్వేరు నడక వేగాలతో, వేర్వేరు గుంపులుగా వచ్చే జనం ఒకే దారిలో ఒకరి తరువాత ఒకరు వినిపిస్తారు. మెట్ల పక్కన ఒక గంట కూర్చున్నవానికి పాటలు వరుసగానే అందుతాయి. ఒక గుంపు దాటిపోతుంది, దాని పాట సన్నగిల్లుతుంది, మరో గుంపు మరో పాటతో మలుపు తిరుగుతుంది. ప్రకరణంలోని జాబితా క్రమాన్ని ఇలా దారి పక్కన కూర్చొని విన్న శ్రోత క్రమంగా చదవవచ్చు. నేను కథాగమనానికి అడ్డు అన్నది నిజానికి గమనమే. సిద్ధాంత గ్రంథంలోని ఆ వాక్యాన్ని ఇక్కడ ఉపసంహరించుకొంటున్నాను.

ఈ సందర్భంలో కథానాయకుని సంగతి కూడా గుర్తుచేసుకోవాలి. మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని చూడాలని కల్యాణానికి బయలుదేరి, దారిలోనే బసవని శివైక్య వార్త విని, శ్రీశైలం చేరుకొన్నాడు. చేరవలసిన మనిషి లేని ప్రయాణం అది. అటువంటి దుఃఖంలో ఉన్నవాని చుట్టూ కవి ఇంత కోలాహలాన్ని, ఇన్ని పాటలను నిలపడం కేవలం ఉత్సవ వర్ణన కోసం కాదని ఇప్పుడు నాకు అనిపిస్తున్నది.

మెట్లు ఎవరివి?

దారిలో ఎవరిని అడిగినా "రెడ్డిరాజులు కట్టించారు" అన్నారు. అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించాడని రెడ్డిరాజుల శాసనాలు ప్రశంసిస్తాయి. ఎఱ్ఱన హరివంశాన్ని అంకితం పొందిన రాజు ఆయనే. రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు కట్టించింది. అనవేమారెడ్డి 14వ శతాబ్ది ఉత్తరార్ధంలో క్షేత్రంలో వీరశిరోమండపం నిర్మించాడు. ఈ ఆధారాలను చేతబట్టుకొని, నాగలూటి మెట్లలో ప్రతి రాయినీ ప్రోలయ వేముని ఖాతాలో వేయడం సులభమే. నాకు అది సరిగా తోచలేదు. రాళ్ళ పరిమాణం, చెక్కడంలోని నునుపు, పేర్చిన తీరు చోటు చోటుకూ మారుతున్నాయి. మెట్ల దారి ఒకసారి కట్టి వదిలేసేది కాదు. ప్రతి వానాకాలం దాన్ని కొంత విప్పుతుంది, ఎవరో ఒకరు మళ్ళీ పేర్చాలి. శాసనం మొదటి దాత పేరు చెబుతుంది. తరువాత రాళ్ళు సర్దినవారి పేర్లు చెప్పదు. ఎక్కుతున్న యాత్రికులలో కొందరు కదిలిన రాయిని కాలితో సర్ది, పక్కన మరొక రాయి ఒరిపెట్టి పోవడం నేను చూశాను.

అయిదు శతాబ్దాల తరువాత ఏనుగుల వీరాస్వామి ఇదే మార్గాన వచ్చాడు. ఆయన 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, కడప సీమ మీదుగా అహోబిలం చూచుకొని, ఆత్మకూరు వైపు నుండి శ్రీశైలం ఎక్కాడు. 'కాశీయాత్ర చరిత్ర'లో ప్రతి మజిలీ వద్ద ఆయన అడిగే ప్రశ్నలు కొన్నే: దారి ఎటువంటిది, నీళ్ళున్నాయా, సరుకులు దొరుకుతాయా, దిగడానికి వసతి ఉందా. యాత్రికుల వద్ద కందనూరు నవాబు తరఫున జరిగే వసూళ్ళనూ, చెంచులనూ ఆయన విస్మరించలేదు. సోమనాథుడు భక్తకవి, వీరాస్వామి సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన లౌకికుడు. ఒకరిది ద్విపద, మరొకరిది వ్యావహారికానికి దగ్గరైన వచనం. ఈ ఇద్దరినీ మన పాఠ్యప్రణాళికలు వేర్వేరు పత్రాలలో, వేర్వేరు యుగాలలో ఉంచాయి. దారి మీద వారిద్దరూ ఒకరికొకరు వ్యాఖ్యానంగా పనిచేస్తారు. వీరాస్వామి నీళ్ళ లెక్క లేకుండా సోమనాథుని జనసందోహం ఎలా బతికి పైకి చేరిందో తెలియదు. సోమనాథుని పాటలు లేకుండా వీరాస్వామి దారి ఖాళీగా కనిపిస్తుంది. ఆయన వచ్చింది శివరాత్రి కాలంలో కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఈనాటి స్థితి

శ్రీశైలం జలాశయం నిండినప్పుడు పాతాళగంగ పాత మెట్లలో కింది భాగం నీటిలో కలిసింది. అదే ముంపు నుండి కాపాడటానికి కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించి మళ్ళీ నిలబెట్టారు. గొప్ప పనే. కాని గుడిని తరలించగలిగినట్లు దారిని తరలించలేం. మన జాబితాల్లో గుడికి ఒక వరుస సంఖ్య ఉంటుంది, శాసనానికి ఒక సంఖ్య ఉంటుంది. వాటి నడుమ ఉన్న మెట్లకు, కుంటకు, కూలిన అరుగుకు సాధారణంగా చోటు ఉండదు. ఘాట్ రోడ్డు వచ్చాక ఈ దారి అవసరం చాలామందికి తీరిపోయింది. దాన్ని ఇంకా దారిగా నిలిపి ఉంచుతున్నవారు ఏడాదికి కొన్ని రోజులు మాత్రమే నడిచే యాత్రికులు, ఏడాది పొడుగునా అక్కడే ఉండే చెంచులు. ఆంక్షలు సడలించాలని నేను కోరడం లేదు. పులుల అడవిలో జనం తగ్గడమే మంచిది. ఆ కొద్ది రోజుల్లోనే చేయవలసిన పని మాత్రం ఎవరూ చేయడం లేదు.

కైలాసద్వారం వద్దకు చేరేసరికి సాయంత్రమైంది. ద్వారం దాటగానే నేల చదునై, హాటకేశ్వరం వైపు వాహనాల చప్పుడు వినిపించింది. ఆ అవ్వ మాకంటె ముందే చేరి, రాతి గట్టు మీద కూర్చుని కాళ్ళకు పసుపు రాసుకొంటున్నది. నేను నోటు పుస్తకం తీసి, ఆమె చెప్పగా వెంకటాపురం నుండి ఇక్కడి దాకా ఉన్న నీళ్ళ పేర్లను వరుసగా రాసుకొన్నాను. అందులో మూడు పేర్లు నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేవు. ఒకదానికి ఆమె కన్నడంలో చెప్పిన పేరు, పెచ్చెరువు చెంచులు చెప్పిన పేరు వేర్వేరు. వచ్చే ఉగాదికి ఆ జాబితాతో, కొలత టేపుతో, ఇద్దరు విద్యార్థులతో తిరిగి వెళ్ళవలసి ఉంది. దారి గురించి అడిగిన విద్యార్థిని ఇప్పటికే తన పేరు ఇచ్చింది.